శాలువా కప్పిన యంత్రం

సెప్టెంబర్ 4

పెద్దక్కా!

కూర్చుని చదువు. నిలబడి చదివితే ఎగిరి గంతేస్తావు. నువ్వు గంతులేసే మనిషివి కాదని తెలుసు, అయినా జాగ్రత్తకు చెప్తున్నా.

నాకు ఉద్యోగం వచ్చింది! ఆసుపత్రులకు యంత్రాలు బిగించే కంపెనీలో! గడియారాల కొట్టు మూసేశాను, పంపుసెట్ల పని పడకేసింది, ఫోటోలు తీస్తే పెళ్ళికొడుకు తలే పడలేదని నువ్వు మూడు రోజులు నవ్వావు. ఇప్పుడు నవ్వు చూద్దాం.

అసలు సంగతి విను. మొదటి యంత్రం ఎక్కడ బిగించాలో మేనేజరు జాబితా చదువుతున్నాడు. మీ ఆసుపత్రి, పసిపిల్లల వార్డు అన్నాడు. "అది మా అక్క వార్డండీ! హెడ్ నర్సు మా అక్కే!" అని అరిచాను. ఆయన చేతిలో టీ ఆయన చొక్కా మీదే ఒలికింది.

అదేం యంత్రమో చెప్తా. ఆయాసపడే పసివాళ్ళకు గాలినీ ఆక్సిజన్‌నూ కలిపి, వెచ్చచేసి, తడిచేసి, సన్నటి గొట్టాల్లోంచి ముక్కులోకి ధారగా పంపుతుంది. వెనకాల చిన్న మీటరు ఉంటుంది. ఎన్ని గంటలు నడిచిందో అది చెప్తుంది. నన్ను ఆరు నెలలు చూసి ఉంచుకుంటారట. ఆ మీటరు తిరిగితే నేను పనికొచ్చినట్టు. ఇది కూడా చేజారితే అద్దంలో నా మొహం నేనే చూసుకోలేను అక్కా. అందుకే ముందే చెప్తున్నా, దాన్ని బాగా వాడండి.

నీ మరదలికి ఎనిమిదో నెల. పెళ్ళయిన పదకొండేళ్ళకు! కడుపు మీద చెయ్యి వేస్తే లోపల నుంచి తన్నింది. నేనే ఉలిక్కిపడ్డాను.

ఒకచోట వాలని
నీ తూనీగ


సెప్టెంబర్ 19

తమ్ముడికి,

నువ్వు వచ్చి వెళ్ళిన గాలి వార్డులో ఇంకా తిరుగుతోంది. రెండు గంటల్లో యంత్రం బిగించావు, ముగ్గురు నర్సులను నవ్వించావు, స్క్రూడ్రైవరు మరిచిపోయావు. దీనితో పంపుతున్నాను.

యంత్రం బాగుంది. దానికి నువ్వు వేలాడదీసిన అట్ట కూడా చదివాను. ఏ మీట ముందు, ఏది తర్వాత అన్నది నీ చేత్తో ముత్యాల్లా రాశావు. కొత్త నర్సుకు కూడా అర్థమవుతుంది. ఒక్క వరుస చేర్చు. అన్నిటికంటే పైన: ముందు బిడ్డను చూడండి, తర్వాతే యంత్రాన్ని.

ఎందుకంటే మా దగ్గరికి వచ్చే పసివాళ్ళలో ఎక్కువమందికి జలుబు ఛాతీలోకి దిగి కాస్త ఆయాసం. ముక్కు శుభ్రం చేసి, పాలు కొద్దికొద్దిగా, తరచుగా పట్టించి, ఊపిరి లెక్కపెడుతూ పక్కన కూర్చుంటే వారం పదిరోజుల్లో తేరుకుంటారు. కొందరికి కాస్త ఆక్సిజన్. నీ యంత్రం కావలసి వచ్చేది ఏ ఒకరిద్దరికో.

మరదలిని బరువులు ఎత్తనివ్వకు. నువ్వు కూడా ఆమె ముందు ఊరికే గెంతకు.

అక్క


సెప్టెంబర్ 26

పెద్దక్కా,

చేర్చాను! కానీ పైన కాదు. మేనేజరు ఒప్పుకోలేదు. "అమ్మే వస్తువు మీద ఆగండి అని పెద్ద అక్షరాల్లో ఎవడైనా రాస్తాడటయ్యా?" అన్నాడు. అందుకని అట్ట అడుగున, చీమ తలంత అక్షరాల్లో వేశాను. నీ మాటా ఉంది, ఆయన మాటా ఉంది. నన్ను మెచ్చుకో.

మీటరు ఎంత చూపిస్తోంది? వంద దాటిందా? అబద్ధమైనా పర్వాలేదు, వంద అని రాయి.

తూనీగ


అక్టోబర్ 24

తమ్ముడికి, మరదలికి, ఇంకా పేరు లేని నా మేనకోడలికి,

నీ తంతి అందింది. "ఆడపిల్ల ఆడపిల్ల ఆడపిల్ల" అని మూడుసార్లు కొట్టించావు. ముగ్గురేమోనని ఇక్కడి కొత్త నర్సు కంగారుపడింది. ఇద్దరం దేవుడి పటం ముందు నిలబడి దండం పెట్టుకున్నాం. పక్షి పిల్లలా ఉందన్నావు కదా, పేరు పెట్టేదాకా గువ్వ అని పిలుస్తాను.

మీటరు గురించి అడిగావు. సున్నా. రోజూ పొద్దున పనిలోకి రాగానే పది ఉయ్యాలల దగ్గరా ఒక్కొక్క నిమిషం ఆగుతాను. చివర నీ యంత్రం ముందు నిలబడి, స్వామీ, ఈ రోజు దీని మీది గుడ్డ తీయనివ్వకు అని వేడుకుంటాను. ఇంతవరకు విన్నాడు.

గువ్వ పాలు తాగేటప్పుడు తల కొంచెం ఎత్తులో ఉంచమని చెప్పు.

అక్క


నవంబర్ 3

అక్కా,

నడిపక్క వచ్చింది. గువ్వను చూడడానికి వస్తూ దారిలో నీ వార్డుకు కూడా వెళ్ళిందట కదా. బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, "నీ యంత్రం మూలన పడుందిరా. పైగా అక్క దాని మీద నువ్విచ్చిన నీలం శాలువా కప్పేసింది" అంది. నేను నమ్మలేదు. "అంచుకు ఎర్రదారం కుట్టుందా?" అన్నాను. ఉందంది.

గడియారాల కొట్టులో మొదటి నెల లాభం రాగానే నీకు కొన్న శాలువా అది! దాన్ని దుమ్ముగుడ్డ చేశావా? సరే, గుడ్డ పోతే పోయింది. కానీ నా యంత్రాన్ని ఎవరూ ముట్టుకోకూడదని దేవుడికి మొక్కుతావా? రోజూ పొద్దున్నే? నువ్వు మొక్కితే ఆయన వింటాడు. అదే నా భయం!

నువ్వు పెంచావు నన్ను. అమ్మ మంచాన పడితే నువ్వే అన్నం కలిపి పెట్టావు. ఏ పనిలోనూ నిలవలేనని నీకు ముందే తెలుసు కాబోలు. చెప్పేస్తే సరిపోయేది.

మేనేజరుకు సున్నా అని చెప్పలేక, మీటరు పాడైందని చెప్పాను.

తూనీగ


నవంబర్ 10

తమ్ముడికి,

శాలువా సంగతి నిజం. ప్రార్థన సంగతీ నిజం. రెండూ ప్రేమతో చేసినవే.

మీటరు పాడవలేదు. మేనేజరుకు నిజం చెప్పు.

చలి మొదలైంది. జలుబు ఉన్నవాళ్ళెవరినీ గువ్వను ముద్దు పెట్టుకోనివ్వకు. నీకు జలుబు చేస్తే నిన్ను కూడా.

అక్క


డిసెంబర్ 8

తమ్ముడూ!

ఆశ్చర్యార్థకం చూసి బెదిరిపోకు. నా పెన్నులోనూ అవి ఉన్నాయి, దాచుకున్నాను అంతే.

నెల రోజులుగా నీ నుంచి ఒక్క ముక్క లేదు. అయినా ఇది నీకు చెప్పకుండా ఉండలేను. నీ యంత్రం నడిచింది!

బస్సు కండక్టరు కూతురు, రెండు నెలల పాప. మధ్యాహ్నం భోజనాల వేళ తండ్రి యూనిఫాం మీదే పరుగెత్తుకొచ్చాడు, టికెట్ల సంచి ఇంకా భుజానే ఉంది. పాప నిమిషానికి డెబ్బై ఎనిమిదిసార్లు ఊపిరి తీస్తోంది. తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి, మూలుగుతోంది, పాలు ముట్టడం లేదు. మామూలు గొట్టంతో ఆక్సిజన్ పెట్టాం. చాలలేదు. పెద్ద డాక్టరమ్మ నా వైపు చూసింది. నేనే వెళ్ళి శాలువా లాగేశాను!

నీ అట్ట చూస్తూ కొత్త నర్సు ఒక్కొక్క మీటా నొక్కింది. ఒక్క తప్పూ చెయ్యలేదు. గంటలో ఊపిరి అరవై ఆరుకు దిగింది. సాయంత్రానికి మూలుగు ఆగింది. మూడోరోజు పొద్దున యంత్రం తీశాం. తల్లి ఒళ్ళో పాలు తాగింది, తాగుతూ నా వేలు పట్టుకుంది. కండక్టరు ఏం చెయ్యాలో తోచక నా చేతిలో ఒక టికెట్టు చింపి పెట్టాడు. దేవుడి పటం వెనక దాచాను.

పెద్ద డాక్టరమ్మ, "దీన్ని బిగించినవాడి చేతులు చల్లగా ఉండాలి" అంది. "మా తమ్ముడండీ" అన్నాను. అంత గట్టిగా అన్నానట, పదో ఉయ్యాలలో నిద్రపోతున్న బాబు లేచాడు.

మీటరు: 41 గంటలు.

శాలువా ఉతికి, ఆరేసి, మళ్ళీ కప్పాను.

అక్క


డిసెంబర్ 14

పెద్దక్కా! పెద్దక్కా! పెద్దక్కా!

ఉత్తరం నీ మరదలికి మూడుసార్లు, గువ్వకు రెండుసార్లు చదివి వినిపించాను. గువ్వ నవ్వింది. పొట్టలో గాలికి మూతి అలా కదిలిందంటుంది నీ మరదలు. ఆమె మాట నమ్మకు.

నవంబరులో రాసిన ఉత్తరం చింపెయ్. నాకు బుద్ధి లేదు.

మేనేజరుకు నలభై ఒకటి అని చెప్పాను. భుజం తట్టాడు. మా ఊరి ఆసుపత్రిలోనూ నిన్ననే బిగించాను, మన ఇంటి నుంచి నాలుగు వీధులు! ఇక నాకొచ్చిన ఆలోచన విను. అంత జబ్బుపడ్డ పాపనే లేపి కూర్చోబెట్టిందంటే, కొంచెం దగ్గు వచ్చిన పిల్లకు ముందే పెట్టేస్తే అసలు ముదరనే ముదరదు కదా! వచ్చిన ప్రతి బిడ్డకూ పెట్టెయ్యాలి. మేనేజరు ఎగిరి గంతేశాడు. ఆ ముక్క కొత్త అట్ట మీద వేయిస్తానంటున్నాడు.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, మళ్ళీ ఎందుకు కప్పావక్కా ఆ శాలువా?

నీ తూనీగ


డిసెంబర్ 20

తమ్ముడికి,

ఆ ముక్క వేయించకు.

ముందే పెడితే ముదరదన్నది నీ ఊహ. పెద్ద డాక్టరమ్మను అడిగాను. అలా లేదంది. ఈ జలుబు మూడో రోజుకో ఐదో రోజుకో పెరిగి, తనంతట తనే తగ్గుతుంది. కొద్దిపాటి ఆయాసంతో వచ్చిన బిడ్డకు మందులూ సూదులూ యంత్రాలూ ఎంత ఎక్కువైతే అంత ఇబ్బంది. ముక్కులో గొట్టం, బుగ్గల మీద పట్టీలు, తల్లి ఒడికి దూరం. కావలసిన బిడ్డకు అది ప్రాణం. అక్కర్లేని బిడ్డకు అది శిక్ష.

అలాంటి బిడ్డకు కావలసింది చూసే కళ్ళు. చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ, నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టాలి. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చెయ్యకూడదు. నీకు ఓపిక తక్కువ కనుక చెబుతున్నాను.

అక్క


జనవరి 12

అక్కా,

మా ఊరి ఆసుపత్రి పసిపిల్లల వార్డు నుంచి రాస్తున్నా. గువ్వ ఇక్కడుంది.

మూడు రోజులుగా ముక్కు కారుతోంది. ఈ పొద్దున ఊపిరి ఎగరేస్తోంది, ఛాతీలో పిల్లి పిల్లలా సన్నగా కూత. పాలు రోజూ తాగేదాంట్లో సగమే తాగింది. ఎత్తుకుని నాలుగు వీధులూ పరుగెత్తాను. చెప్పులు ఇంట్లోనే ఉన్నాయని ఇక్కడికొచ్చాక చూసుకున్నా.

ఇక్కడ చిన్న డాక్టరని ఒకడున్నాడు, మీసం కూడా సరిగా రాలేదు. చూశాడు, వేలికి ఏదో తగిలించాడు, "ఆక్సిజన్ తొంభై ఐదు ఉందండీ, బాగుంది. పాలు తగ్గాయి కాబట్టి ఇక్కడే ఉంచి చూద్దాం" అన్నాడు.

"చూడ్డమేంటి? యంత్రం పెట్టండి!" అన్నాను.

"పాపకు ఇప్పుడు అది అక్కర్లేదండీ."

"ఆ యంత్రం బిగించింది నేనయ్యా! నా కూతురికి కాకపోతే ఎవరికి?"

"ముక్కు శుభ్రం చేద్దాం, పాలు కొంచెం కొంచెంగా పట్టిద్దాం, గంట గంటకూ చూస్తాం. మీరు ముందు కూర్చోండి."

కూర్చోండట! సూది లేదు, మందు లేదు, ఎక్స్‌రే ఫోటో కూడా తియ్యలేదు. బిడ్డను చేర్చుకుని ఏమీ చెయ్యరా? ఏమీ చెయ్యడం లేదంటే ఇక చెయ్యడానికేమీ లేదనేనా అక్కా? నా దగ్గర దాస్తున్నారా?

నీ వార్డుకు ఫోన్ చేశాను. "నిమిషం లెక్కపెట్టు. పాలు చూడు. డాక్టరు మాట విను." మూడు మాటలు చెప్పి పెట్టేశావు! పదకొండేళ్ళకు పుట్టిన పిల్ల. మూడు మాటలేనా?

యంత్రం నాలుగు అడుగుల దూరంలో ఉంది. మీటరు సున్నా. నాకు దాన్ని నడపడం వచ్చు. డాక్టరు అవతలికి వెళ్తే నేనే పెట్టేస్తాను.


జనవరి 12, మధ్యాహ్నం

తమ్ముడూ,

మీ ఊరి బస్సెక్కుతున్న కండక్టరు చేతికి ఇస్తున్నాను. ఆ పాప తండ్రే. సాయంత్రానికి నీ చేతిలో పెడతానన్నాడు.

ఫోను పెట్టేసింది కోపంతో కాదు. నా రెండో చేతిలో ఇంకో బిడ్డ ఉన్నాడు. తర్వాత మీ వార్డుకు నేనే ఫోన్ చేసి ఆ చిన్న డాక్టరుతో మాట్లాడాను. ఫోన్లో నువ్వు అనుమానపడ్డట్టు అతను ఏదీ దాచడం లేదు. సరిగ్గా చూస్తున్నాడు. గువ్వది కొద్దిపాటి ఆయాసం. ఊపిరి యాభై నాలుగు. పెదవులు ఎర్రగా ఉన్నాయి.

నిన్ను నాకు తెలుసు. నీ చెయ్యి ఊరుకోదు. యంత్రం జోలికి వెళ్ళకు. ఆ చేతికి పని చెబుతాను. గంటకోసారి నిండా నిమిషం లెక్కపెట్టి కాగితం మీద రాయి. అరవై దాటినా, పాలు సగానికంటే తగ్గినా, మూలిగినా, పెదవులు నల్లబడినా, ఊపిరి మధ్యలో ఆగినా, ఆ క్షణమే పిలువు. అప్పుడు యంత్రం పెట్టాలో వద్దో వాళ్ళు చూస్తారు. అందాకా ఆమెను తల్లి ఒళ్ళోనే ఉండనివ్వు.

నీకు ఇంతవరకు చెప్పని మాట ఒకటి. నాలుగు నెలలప్పుడు నీకు ఇదే జబ్బు చేసింది. అమ్మ లేవలేదు. నాకు పదహారేళ్ళు. నాకేమీ తెలియదు. గోడ గడియారం చూస్తూ నీ ఊపిరి లెక్కపెట్టడం ఒక్కటే చేతనైంది. రెండు పగళ్ళూ రెండు రాత్రులూ లెక్కపెట్టాను. మూడోనాడు నువ్వు తుమ్మి, నా మొహం చూసి నవ్వావు. నేను నర్సునైంది ఆ రోజే. తర్వాత నర్సింగ్ స్కూలు ఇచ్చింది సర్టిఫికెట్టు మాత్రమే.

యంత్రం మీద శాలువా కప్పింది దాన్ని దాచడానికి కాదురా. పది ఉయ్యాలల్లో ఎవరికీ అంత కష్టం రాలేదనడానికి అది గుర్తు. దుమ్ము పడితే కష్టం వచ్చిన రోజున పనిచెయ్యదని భయం. అందుకే నా దగ్గరున్న గుడ్డల్లో అన్నిటికంటే మంచిది కప్పాను. ఈ నాలుగు మాటలూ నవంబరులోనే రాయవలసింది. పొదుపు చేశాను. తప్పు నాది.

బస్సు కదులుతోంది.

అక్క


జనవరి 17

పెద్దక్కా!!!

ఇంటికొచ్చేశాం! గువ్వ ఇంటికొచ్చేసింది! పాలు మొత్తం తాగేసి, ఇంకా కావాలని నీ మరదలి మీద కేకలేస్తోంది. వీధి చివరికి వినబడుతోంది. అంత గొంతు ఎవరి పోలికో నాకు తెలియదు, నువ్వు చెప్పకు.

జరిగింది జరిగినట్టు చెప్తా. నీ ఉత్తరం వచ్చేలోపే నేను యంత్రం దగ్గరికి వెళ్ళాను. మీట మీద వేలు కూడా పెట్టాను. చిన్న డాక్టరు వెనకే వచ్చాడు. అరవలేదు. "ఈ అట్ట రాసింది మీరేనా?" అన్నాడు.

"నేనే. నా చేతిరాతే."

"అడుగున ఒక వరుస ఉంది. చాలా చిన్నగా వేశారు, నేను అద్దాలు పెట్టుకుని చదివాను. మీరు చదవండి."

వంగి చదివాను. ముందు బిడ్డను చూడండి, తర్వాతే యంత్రాన్ని. నా చేతిరాతే అక్కా, నీ గొంతు! నువ్వు నా చెవి పట్టుకున్నట్టయింది. అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున్నుంచీ నేను మీటరు వైపూ, గొట్టాల వైపూ, డాక్టరు మీసం వైపూ చూస్తున్నాను గానీ గువ్వ వైపు ఒక్క నిమిషం కూడా నిలకడగా చూడలేదు.

వచ్చి కూర్చున్నాను. నేను! కూర్చున్నాను! చొక్కా పైకెత్తి లెక్కపెట్టాను. యాభై ఆరు. అంతలో కండక్టరు నీ ఉత్తరం తెచ్చాడు. చదివి, మళ్ళీ లెక్కపెట్టాను. యాభై ఎనిమిది. కాగితం పట్టుకుని పరుగెత్తాను. డాక్టరుకు చూపించాను. పాపను చూసి, ముక్కు శుభ్రం చేశాడు. యాభై మూడు! మర్నాడు యాభై. ఆ తర్వాతి రోజు నలభై నాలుగు, పాలు ముప్పావు వంతు! వార్డంతా వినబడేలా "నలభై నాలుగు!" అని అరిచాను. పక్క ఉయ్యాల తాతయ్య బస్సు నంబరేమో అనుకుని లేచి నిలబడ్డాడు.

కాగితం దీనితో పంపుతున్నా. అరవై ఒక్క లెక్కలు ఉన్నాయి. అన్నీ నిండు నిమిషాలే, ఒట్టు.

వెళ్ళిపోయే ముందు యంత్రం వెనక్కి వెళ్ళి మీటరు చూశాను. సున్నా. అక్కా, సున్నా! నా ఉద్యోగంలో ఇంత అందమైన అంకె చూడలేదు!

మేనేజరు దగ్గరికి వెళ్ళి నవంబరులో చెప్పిన అబద్ధం ఒప్పుకున్నాను. ప్రతి బిడ్డకూ ముందే పెట్టెయ్యమన్న ముక్క వేయించొద్దనీ, అట్టలు మార్చేశాననీ చెప్పాను. ఆ వరుస ఇప్పుడు అన్నిటికంటే పైన, గుప్పెడంత అక్షరాల్లో ఉంది. ఉంచుతాడో పంపించేస్తాడో ఇంకా చెప్పలేదు. అద్దంలో మాత్రం మొహం చూసుకోగలుగుతున్నా.

ఒక్కటి అడుగుతా. మా ఊరి యంత్రం మీద ఏమీ లేదు. దుమ్ము పడుతోంది. ఏదైనా మంచి గుడ్డ ఉంటే పంపు.

కూర్చోవడం నేర్చుకున్న
నీ తూనీగ


జనవరి 24

తమ్ముడూ!

కాగితం అందింది. అరవై ఒకటీ చదివాను. నలభై నాలుగు దగ్గరికి వచ్చేసరికి నేనూ పైకే అరిచాను. కొత్త నర్సు పరుగెత్తుకొచ్చింది. "ఏమైందమ్మా?" అంటే, "మా తమ్ముడు కూర్చున్నాడే!" అన్నాను. ఆమెకేమీ అర్థం కాలేదు.

మీ మేనేజరుకు పెద్ద డాక్టరమ్మ ఉత్తరం రాసింది. నేను అడగలేదు. ఎప్పుడు వాడకూడదో కూడా రాసిపెట్టే మనిషి బిగిస్తేనే రెండో యంత్రం తీసుకుంటానని అందులో ఉంది. ఇక ఆయన ఇష్టం, దేవుడి దయ.

గుడ్డ పంపుతున్నాను. కొత్తది కాదు. నీలం శాలువాను సగానికి కత్తిరించి, తెగిన అంచుకు ఎర్రదారం కుట్టాను. ఒక సగం ఇక్కడ, ఒక సగం అక్కడ.

పొద్దున దాని ముందు నిలబడి ఏం వేడుకోవాలో నీకిప్పుడు తెలుసు.

అక్క